పాటకు శిక్ష పడిన కవి – గరిమెళ్ళ సత్యనారాయణ

ఈ పాఠం గురించి

మీరు నాట్లు వేసేటప్పుడో, పిల్లను జోకొట్టేటప్పుడో, భజనలోనో పాటలు పాడి ఉంటారు. వాటిలో చాలా పాటలు ఎవరు కట్టారో మనకు తెలియదు. తాతల నుంచి మనకు వచ్చాయి, మన నుంచి పిల్లలకు పోతాయి. పాట మిగులుతుంది, కట్టినవాడి పేరు మరుగునపడుతుంది.

ఈ పాఠంలో మీరు ఒక పాట కథ చదువుతారు. అది సుమారు నూరేళ్ళ కిందటిది. దాని పేరు ‘మాకొద్దీ తెల్లదొరతనము’. ఈ పేరు మీరు వినే ఉంటారు. ఆ పాటను కట్టి, తానే ఊరూరా పాడిన మనిషి గరిమెళ్ళ సత్యనారాయణ. ఆయన ఎవరిమీదా కత్తి ఎత్తలేదు. ఒక్క రాయి కూడా విసరలేదు. అయినా ప్రభుత్వం ఆయన్ను రెండుసార్లు జైలుకు పంపింది. ఎందుకు పంపిందో, ఆ తర్వాత ఆయన బతుకు ఏమయిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

ఈ పాఠం చదివాక మీరు:
• గరిమెళ్ళ జీవితాన్ని మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
• చదువురాని ప్రజలలో పాట ఎలా పనిచేసిందో వివరించగలుగుతారు.
• ఒక పాటను చూసి ప్రభుత్వం ఎందుకు భయపడిందో కారణాలు చెప్పగలుగుతారు.

1. బాల్యం, చదువు

గరిమెళ్ళ సత్యనారాయణ 1893 జూలైలో నరసన్నపేట సమీపాన ఉన్న గోనెపాడు గ్రామంలో పుట్టారు. ఇప్పుడా ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా లేదు. ఆ ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేవి. తల్లి పేరు సూరమ్మ, తండ్రి పేరు వేంకట నరసింహం.

వారిది కలిగిన కుటుంబం కాదు. చదివించే శక్తి ఇంట్లో లేదు. కన్నేపల్లి లక్ష్మీనరసింహం అనే న్యాయవాది ఆ కుర్రవాడి తెలివిని గుర్తించి, చదువుకు డబ్బు సాయం చేశారు. ఆ సాయంతో సత్యనారాయణ బి.ఏ. పూర్తి చేశారు.

ఆ రోజుల్లో బి.ఏ. అంటే మాటలు కాదు. 1921 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి సుమారు ఏడుగురికి మాత్రమే చదవడం, రాయడం వచ్చు. అలాంటప్పుడు బి.ఏ. చదివినవారికి సర్కారు కొలువు దొరికేది, నెలనెలా జీతం వచ్చేది, ఊళ్ళో మర్యాద ఉండేది. సత్యనారాయణ గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. విజయనగరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగానూ ఉన్నారు. ఆ తర్వాత ఉపాధ్యాయ శిక్షణ కోసం రాజమహేంద్రవరంలోని ట్రైనింగు కాలేజీలో చేరారు. ఆ శిక్షణ పూర్తయితే స్థిరమైన ఉద్యోగం ఖాయం. కాని ఆయన దాన్ని పూర్తి చేయలేదు.

2. చదువు మానిన రోజులు

1919 ఏప్రిల్ 13న అమృతసరులోని జలియన్‌వాలాబాగులో తెల్ల సైనికాధికారి డయ్యరు నిరాయుధులైన జనం మీద కాల్పులు జరిపించాడు. ఆ వార్తతో దేశం కుతకుతలాడింది. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం ప్రారంభించారు. సహాయ నిరాకరణ అంటే మనల్ని పాలించే ప్రభుత్వానికి మనమే తోడ్పడకుండా ఉండడం. సర్కారు బళ్ళు, కచేరీలు, కోర్టులు, బిరుదులు, విదేశీ బట్టలు వదిలిపెట్టమని ఆయన కోరారు.

1921 మార్చి చివర, ఏప్రిల్ మొదట బెజవాడలో, అంటే నేటి విజయవాడలో, అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమయింది. ఆ ఏడాదే చీరాల–పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు మునిసిపల్ పన్నుకు ఎదురుతిరిగి, ఇళ్ళు వదిలి పాకలు వేసుకొని బయట ఉన్నారు. పల్నాడులో అడవిలో పశువులను మేపినందుకు కట్టే పుల్లరిని రైతులు నిరాకరించారు.

ఇలాంటి రోజుల్లో సత్యనారాయణ ట్రైనింగు కాలేజీ విడిచి ఉద్యమంలో చేరారు. ఆలోచించి చూడండి. పరుల సాయంతో చదివిన పేద యువకుడు, చేతికందిన ఉద్యోగాన్ని వదులుకొన్నారు. ఇది చిన్న నిర్ణయం కాదు. దీని ఫలితం ఆయన జీవితాంతం అనుభవించారు.

ఆలోచించి చెప్పండి: గరిమెళ్ళ కాలేజీ ఎందుకు వదిలారు? అందువల్ల ఆయన కోల్పోయినదేమిటి?

3. చదువురాని ఊళ్ళకు కబురు చేరేదెలా?

ఉద్యమ నాయకుల ముందు ఒక పెద్ద చిక్కు ఉండేది. నూటికి తొంభై మందికి పైగా చదువు రానప్పుడు ఉద్యమం కబురు పల్లెలకు ఎలా చేర్చాలి? పత్రికలు పట్టణాలకే పరిమితం. అప్పటికి రేడియో లేదు.

చదువు లేనంత మాత్రాన ప్రజలకు కబురు పంపుకొనే ఉపాయాలు లేవనుకోకండి. మన పొరుగున ఉన్న బస్తరునే చూడండి. కొంట, భోపాలపట్నం వైపు ఉండే తెలుగువారికి ఈ కథ కొంత తెలిసే ఉంటుంది. 1910లో బస్తరులోని ఆదివాసులు ప్రభుత్వం మీద తిరుగుబాటు చేశారు. దాన్ని ‘భూమ్‌కాల్’ అంటారు. అడవులను రిజర్వు చేసి జనాన్ని వెళ్ళగొట్టడం, వెట్టి చాకిరి చేయించుకోవడం దానికి ముఖ్య కారణాలు. నేతనారు గ్రామానికి చెందిన గుండాధూర్ దాని నాయకుల్లో పేరుమోసినవాడు. అప్పుడు ఊరి నుంచి ఊరికి ఉత్తరాలు వెళ్ళలేదు. మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు వెళ్ళాయి. అవి ఊరికి చేరగానే, లేవాల్సిన సమయం వచ్చిందని జనం తెలుసుకొన్నారు. ఒక్క అక్షరం కూడా అక్కరలేకపోయింది.

బస్తరులో మామిడి కొమ్మ చేసిన పనిని, పదేళ్ళ తర్వాత కోస్తా ఆంధ్రలో పాట చేసింది. పాటకు ఇంకొక బలం కూడా ఉంది. కొమ్మ లేవమని మాత్రమే చెబుతుంది. ఎందుకు లేవాలో కూడా పాట చెప్పగలదు. ఒకసారి వింటే పల్లవి వస్తుంది. నాలుగుసార్లు వింటే చరణాలు వస్తాయి. నేర్చుకొన్నవాడు పక్క ఊళ్ళో పాడితే అక్కడా పాకుతుంది. అచ్చు కాగితాన్ని పోలీసులు పట్టుకొని కాల్చగలరు. నోటికి వచ్చిన పాటను ఎలా పట్టుకొంటారు?

4. పాటలో ఏముంది?

గరిమెళ్ళ ఈ సంగతి బాగా గ్రహించారు. బి.ఏ. చదివిన ఆయన గ్రాంథిక భాషలో, కఠినమైన సమాసాలతో పద్యాలు రాసి ఉండవచ్చు. ఆనాటి పండితులు అదే కవిత్వమనేవారు. పుస్తకాల్లో వాడుక భాష ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు కూడా శ్రీకాకుళం ప్రాంతంవారే. గరిమెళ్ళ జనం మాట్లాడే మాటలనే తీసుకొని, భజనలో అందరూ గొంతు కలిపే వరసలో పాట కట్టారు.

‘మాకొద్దీ తెల్లదొరతనము’ దేవుడికి చెప్పుకొన్న మొరలాగా సాగుతుంది. తెల్లవాడి పాలన మాకు వద్దని పల్లవి చెబుతుంది. ఎందుకు వద్దో చరణాలు ఒక్కొక్కటిగా చెబుతాయి. ఆ కారణాలు పెద్దపెద్ద సిద్ధాంతాలు కావు. ప్రతి ఇంట్లో రోజూ అనుభవించే బాధలే.

పంటలు పండుతున్నా పండించినవాడికి పట్టెడన్నం కరువని పాట చెబుతుంది. ఉప్పు ముట్టుకొంటే నేరమయిందని చెబుతుంది. సముద్రం ఒడ్డున సహజంగా పేరుకొన్న ఉప్పును చేతితో తీసుకొన్నా అప్పట్లో శిక్ష పడేది. ఉప్పు మీద పన్ను సర్కారుకు పెద్ద ఆదాయం. గాంధీజీ దండికి నడిచి ఉప్పు సత్యాగ్రహం చేసింది 1930లో. దానికి ఎన్నో ఏళ్ళు ముందే ఈ తెలుగు పాటలో ఉప్పు బాధ ఉంది. ఆదాయం కోసం సర్కారు కల్లు, సారా అమ్మించి కొంపలు కూల్చడాన్ని కూడా పాట ఎత్తిచూపింది. గాంధీ టోపీ పెట్టుకొని బడికి వచ్చిన పిల్లలను కొట్టడం, బడిలో రాట్నం వద్దనడం కూడా అందులో ఉన్నాయి.

ఈ పాట వింటున్న కూలి మనిషి ఏమనుకొని ఉంటాడు? ఇది నా ఇంటి సంగతే కదా అనుకొంటాడు. నా కష్టం నా ఒక్కడి తలరాత కాదు, ఊరందరి కష్టం, దానికొక కారణం ఉంది అనుకొంటాడు. సర్కారును భయపెట్టింది ఈ ఆలోచనే. విడివిడిగా ఏడ్చేవారి వల్ల పాలకులకు ఇబ్బంది లేదు. అందరూ కలిసి ఒకే వరసలో పాడితే ఇబ్బంది.

గరిమెళ్ళ పాటలు ‘స్వరాజ్య గీతములు’ పేరుతో 1921లో వెలువడ్డాయి. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాట ఒక్కటే విడిగా అచ్చయి, ప్రతి బేడకు అమ్ముడయ్యేదని చెబుతారు. బేడ అంటే రెండణాలు, రూపాయిలో ఎనిమిదో వంతు. ‘దండాలు దండాలు భారతమాత’ అనే పాట కూడా ఆయనదే.

ఆలోచించి చెప్పండి: పాటలో గరిమెళ్ళ చెప్పిన బాధలు ఏవి? ఇలాంటి బాధలే పాటలో పెట్టడానికి కారణం ఏమై ఉంటుంది?

5. రెండుసార్లు జైలు

పాట ఊరూరా పాకింది. గరిమెళ్ళ తానే ఊళ్ళు తిరిగి పాడేవారు. చివరికి అది అధికారుల చెవిన పడింది.

ఈ సందర్భంలో ఒక కథ చెబుతారు. రాజమహేంద్రవరంలో బ్రాకెన్ అనే తెల్ల కలెక్టరు ఆయన్ను పిలిపించి పాట పాడించుకొన్నాడట. దొరకు తెలుగు రాదు. అయినా ఆ వరస, ఆ గొంతు విన్నాక, తెలుగు వచ్చిన పల్లెజనాన్ని ఇది ఎంత కదిలిస్తుందో తనకు అర్థమయిందని ఒప్పుకొన్నాడట. ఈ కథ నోటినోటా వచ్చింది. ఆ తర్వాత జరిగింది మాత్రం చరిత్ర. 1922లో గరిమెళ్ళకు ఒక సంవత్సరం కఠిన కారాగార శిక్ష పడింది.

1922 ఫిబ్రవరిలో జరిగినది కూడా మీరు తెలుసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లోని చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్‌ను తగలబెట్టారు. పోలీసులు చనిపోయారు. హింస జరిగినందున గాంధీజీ ఉద్యమాన్ని ఆపివేశారు. చాలామంది నిరాశపడ్డారు. వదిలేసిన చదువులకు, కొలువులకు తిరిగి వెళ్ళినవారూ ఉన్నారు.

గరిమెళ్ళ ఏం చేశారు? శిక్ష పూర్తి చేసుకొని బయటికి వచ్చారు. ఇక పాడనని ఒక్క మాట చెప్పి ఉంటే ఎవరూ ఆయన జోలికి వచ్చేవారు కాదు. ఆయన మళ్ళీ ఊళ్ళు పట్టుకొని అవే పాటలు పాడారు. ప్రభుత్వం మళ్ళీ పట్టుకొంది. ఈసారి రెండున్నర సంవత్సరాల కఠిన శిక్ష వేసింది.

మొదటిసారి జైలుకు వెళ్ళేవాడికి జైలంటే ఏమిటో తెలియదు. ఉత్సాహంలో వెళ్ళిపోవచ్చు. రెండోసారి వెళ్ళేవాడికి అక్కడి తిండి, అక్కడి పని, ఇంటివాళ్ళ అవస్థ అన్నీ తెలుసు. తెలిసీ పాడడంలోనే గరిమెళ్ళ ధైర్యం కనబడుతుంది.

6. జైలు తర్వాత బతుకు

జైలు నుంచి వచ్చిన గరిమెళ్ళకు అసలు కష్టం అప్పుడు మొదలయింది. రాజద్రోహి అని ముద్రపడిన మనిషికి సర్కారు ఉద్యోగం రాదు. ఉపాధ్యాయ శిక్షణ మధ్యలోనే ఆగిపోయింది. చేతిలో ఉన్నది కలం ఒక్కటే.

ఆ కలంతోనే ఆయన బతకాలని చూశారు. మద్రాసు చేరారు. ఆ రోజుల్లో తెలుగు పత్రికలకు, పుస్తకాల అచ్చుకు మద్రాసే పెద్ద కేంద్రం. ‘గృహలక్ష్మి’, ‘ఆంధ్రప్రభ’ వంటి పత్రికల్లో పనిచేశారు. వ్యాసాలు రాశారు. ఇంగ్లీషు నుంచి, తమిళం నుంచి పుస్తకాలను తెలుగు చేశారు. అంటరానితనాన్ని నిరసిస్తూ హరిజనుల పాటలు కూడా కట్టారు. స్వరాజ్యం అంటే తెల్లవాడు పోవడం మాత్రమే కాదనీ, మనలో మనకున్న తక్కువ ఎక్కువలు కూడా పోవాలనీ ఆయన నమ్మారు.

కాని ఏ పనీ స్థిరంగా నిలవలేదు. పత్రికల జీతాలు చాలీచాలనివి. ‘ఆంధ్రపత్రిక’ స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు వంటి పెద్దలు ఆయన్ను ఆదుకొన్నారు. 1938లో పంతులుగారు కన్నుమూశారు. ఏళ్ళు గడిచేకొద్దీ పేదరికం పెరిగింది.

7. మరొక దేశంలో ఇలాంటి కథే

పాటకు పేరు రావడం, కట్టినవాడికి కష్టం మిగలడం మన దగ్గరే జరిగిందా? కాదు. ఫ్రాన్సు దేశంలో జరిగిన ఒక సంగతి చూడండి.

ఫ్రాన్సు జాతీయగీతం పేరు ‘లా మార్సెయేజ్’. ప్రపంచంలో బాగా పేరున్న పాటల్లో అది ఒకటి. 1792 ఏప్రిల్‌లో స్ట్రాస్‌బూర్ పట్టణంలో రూజే ద లీల్ అనే సైనికాధికారి ఒక్క రాత్రిలో దాన్ని కట్టాడు. మార్సేయ్ అనే ఊరి నుంచి పారిసుకు నడిచిన వలంటీర్లు దారి పొడవునా పాడడంతో ఆ ఊరి పేరే పాటకు వచ్చింది. కట్టినవాడి పేరు వెనుకబడింది. పాట విప్లవానికి గొంతు అయితే, ఆయన్ను మాత్రం ఆ విప్లవ ప్రభుత్వమే అనుమానించి జైల్లో పెట్టింది. 1836లో చనిపోయేదాకా ఆయన ఎక్కువ కాలం ఇబ్బందుల్లోనే గడిపాడు. 1915లో, అంటే చనిపోయిన 79 ఏళ్ళకు, ఆయన అవశేషాలను పారిసుకు తెచ్చి గౌరవించారు.

ఈ రెండు కథల్లో ఒక తేడా ఉంది. రూజే ద లీల్‌ను జైల్లో పెట్టింది ఆయన పాట పాడుకొన్న పక్షమే. గరిమెళ్ళను జైల్లో పెట్టింది పరాయి ప్రభుత్వం. పోలిక కూడా ఉంది. పాట జనం సొత్తయిపోయాక, కట్టిన మనిషి ఎలా బతుకుతున్నాడని అడిగేవారు ఇద్దరికీ కరువయ్యారు.

8. చివరి రోజులు

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఏ దొరతనం వద్దని గరిమెళ్ళ పాడారో అది పోయింది. ఆయన కోరిక నెరవేరింది. ఆయన బీదరికం మాత్రం తీరలేదు.

చివరి కాలంలో ఆయన జబ్బున పడ్డారు. పక్షవాతం వచ్చింది. రాసి సంపాదించే శక్తి పోయింది. తెలిసినవారి సాయం మీద ఆధారపడి మద్రాసులో రోజులు గడిపారు. ఒకప్పుడు వేలమంది గొంతు కలిపి పాడిన పాటను కట్టిన మనిషి, పూట గడవడానికి చేయి చాచవలసి వచ్చింది.

1952 డిసెంబరు 18న ఆయన మద్రాసులో కన్నుమూశారు. ఆ తేదీని గుర్తుంచుకోండి. దానికి మూడు రోజుల ముందు, డిసెంబరు 15న, ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు అదే మద్రాసులో ప్రాణాలు విడిచారు. తెలుగు జిల్లాలన్నీ అట్టుడికిపోయాయి. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటుకు అంగీకారం ప్రకటించారు. ఈ రెండు పెద్ద వార్తల నడుమ, ఆ ప్రకటనకు ఒక్కరోజు ముందు, గరిమెళ్ళ వెళ్ళిపోయారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దాన్ని చూడడానికి ఆయన లేరు.

9. ఈ కథ మనకేం చెబుతుంది?

గరిమెళ్ళ జీవితం చదివి అయ్యో పాపం అని వదిలేస్తే ఆయనకు న్యాయం చేసినట్లు కాదు. ఆయన తన దారిని తెలిసే ఎంచుకొన్నారు. కాలేజీ వదిలినప్పుడు ఎవరూ బలవంతపెట్టలేదు. రెండోసారి పాడమని కూడా ఎవరూ పంపలేదు. తాను చదివిన చదువును, చదువు లేనివారి నోటికి మాట అందించడానికి ఉపయోగించారు. ఆయన చదువుకు సార్థకత అదే.

కాని సమాజం మాట వేరు. అవసరం ఉన్నప్పుడు ఆయన పాటను వాడుకొంది. అవసరం తీరాక మనిషిని మరిచింది. స్వరాజ్యం కోసం ఇల్లూ వాకిలీ పోగొట్టుకొన్నవారు ఇంకెంతోమంది ఉన్నారు. వారిలో కొందరి పేర్లయినా మనకు తెలియవు.

ఇక్కడే మీ చదువు పనికివస్తుంది. పాట నోటిలో బతుకుతుంది, కట్టినవాడి పేరు కాగితం మీద బతుకుతుంది. మీ ఊళ్ళో కూడా పాటలు కట్టేవారు, ఒగ్గుకథ, బుర్రకథ చెప్పేవారు, పెండ్లి పాటల పెద్దమ్మలు ఉంటారు. వారు ఉండగానే వారి పాటలు రాసిపెట్టండి. పాట కింద వారి పేరు, ఊరు, రాసుకొన్న తేదీ కూడా రాయండి. వారి ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదో లేదో కూడా ఒకసారి చూసి రండి.

అభ్యాసం

1. గరిమెళ్ళ ఎక్కడ, ఏ సంవత్సరంలో పుట్టారు? ఆయన చదువుకు ఎవరు సాయపడ్డారు?
2. బస్తరులో 1910లో కబురు ఎలా పంపుకొన్నారు? పాటకు, దానికి పోలిక, తేడా రాయండి.
3. రెండోసారి జైలుకు వెళ్ళడం మొదటిసారి కంటే కష్టమని పాఠంలో ఎందుకు చెప్పారు? మీరు ఒప్పుకొంటారా?
4. రూజే ద లీల్, గరిమెళ్ళ జీవితాలను పోల్చి ఐదు వాక్యాలు రాయండి.
5. మీ ఇంట్లో గాని, ఊళ్ళో గాని పెద్దలు పాడే ఒక పాటను అడిగి రాసుకోండి. అది ఏ పని చేసేటప్పుడు పాడతారో, ఎవరి దగ్గర నేర్చుకొన్నారో కూడా అడిగి రాయండి.